వెలిసిన రంగు, వేసిన రంగు

మా ఇంటి హాల్లో రెండు పాత ఛాయాచిత్రాలు పక్కపక్కనే వేలాడుతూ ఉండేవి. ఒకటి మా తాతగారూ నాయనమ్మా పెళ్ళయిన కొత్తలో స్టూడియోకు వెళ్ళి తీయించుకున్నది. రెండవది ఏదో శుభకార్యానికి బంధువులందరూ చేరి బారులు తీరి కూర్చున్నది. రెండూ గోధుమరంగులోనే ఉండేవి. అందువల్ల చిన్నప్పటినుంచీ నా మనసులో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. తెల్లపంచె వాడగా వాడగా మాసినట్టు, నలుపు తెలుపు బొమ్మ ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుందని.

కంప్యూటరూ స్కానరూ ఇంటికి వచ్చిన కొత్తలో ఆ రెండింటినీ బాగుచేయాలని పూనుకున్నాను. రంగునంతా తీసివేసి, నలుపును నలుపుగా, తెలుపును తెలుపుగా దిద్ది, కొత్త ప్రతులు తీయించి బంధువులకు పంచిపెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఉత్సాహంలో, మా ఊళ్ళో ఒకప్పుడు స్టూడియో నడిపి మానుకున్న ఒక పెద్దాయనకు కూడా చూపించాను. ఆయన గుంపు చిత్రం చూసి బాగుందన్నట్టు తల ఊపారు. తాతగారి చిత్రం దగ్గర ఆగిపోయారు. అసలు ప్రతి తెచ్చి చూపించమన్నారు. మర్నాడు తీసుకువెళితే కిటికీ వెలుగులో దాన్ని అటూ ఇటూ వంచి చూసి, "ఇది వెలిసిన రంగు కాదు బాబూ, వేసిన రంగు. మీ తాతగారు కోరి, పైన డబ్బిచ్చి వేయించుకుని ఉంటారు. నువ్వు తీసేశావు" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. దాని పర్యవసానమే ఈ టపా. నాకు అర్థమైనంతలో, పాత ఛాయాచిత్రాలలో మనకు కనిపించే గోధుమరంగు ఒకటి కాదు, మూడు. పుట్టుకతో వచ్చినది ఒకటి, ముదిమితో వచ్చినది ఒకటి, మనిషి కోరి తెచ్చుకున్నది ఒకటి. మూడూ దూరంనుంచి ఒకేలా ఉంటాయి. చరిత్రలు మాత్రం వేరు.

* * *

మొదట పుట్టుక సంగతి. కాగితంమీద ఛాయాచిత్రాన్ని సాధించిన ఇంగ్లండు దేశస్థుడు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ తన పద్ధతిని 1839లో లోకానికి వెల్లడించాడు. కాగితాన్ని ఉప్పునీటిలో తడిపి, ఆరబెట్టి, పైన సిల్వర్ నైట్రేటు పూస్తే కాగితంలో సిల్వర్ క్లోరైడు ఏర్పడుతుంది. దానిమీద నెగటివ్ ఉంచి ఎండలో పెడితే, వెలుగు తగిలినచోటల్లా కాగితం దానంతటదే నల్లబడుతూ వస్తుంది. డెవలపర్ అవసరం లేదు. వంటింటి కిటికీలో అప్పడాలు ఎండబెట్టినట్టు ఎండలో పెట్టి, మధ్యమధ్య తీసి చూసుకుంటూ, చాలనుకున్నప్పుడు లోపలికి తెచ్చుకోవడమే.

ఇలా ఎండకు పుట్టిన వెండి రేణువులు మహా సూక్ష్మమైనవి. లోహం ఒకటే అయినా రేణువు పరిమాణాన్నిబట్టి కంటికి తోచే రంగు మారుతుంది. డెవలపర్‌లో పెరిగిన వెండి, చిక్కుపడిన పీచులాగా అల్లుకుని వెలుగునంతా మింగి నల్లగా కనిపిస్తుంది. ఎండలో పుట్టిన సూక్ష్మమైన వెండి ఎరుపు కలిసిన గోధుమరంగులో కనిపిస్తుంది. అంటే తొలినాటి కాగితపు చిత్రాలు నలుపు తెలుపులో పుట్టి గోధుమకు తిరిగినవి కావు. వాటి పుట్టురంగే అది.

ఆ పుట్టురంగు ఆనాటివారికి నచ్చలేదు. హైపో ద్రావణం వెండి లవణాలను కరిగించగలదని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టి ఉన్నాడు. బొమ్మను నిలపడానికి దానినే వాడవచ్చునని 1839లో ఆయనే చెప్పాడు. అయితే హైపోలో ముంచగానే చిత్రం ఇటుకపొడి రంగుకు దిగిపోయేది. దాని నుంచి తప్పించుకోవడానికి వారు బంగారాన్ని ఆశ్రయించారు. 1840లో ఫ్రాన్సులో ఇపోలిట్ ఫీజో, వెండి రేకులమీద తీసే డాగెరోటైపు చిత్రాలకు బంగారు లవణంతో పూత ఇచ్చే పద్ధతి చూపించాడు. ఆ బంగారమే తరువాత కాగితానికీ వచ్చింది. గోల్డ్ క్లోరైడు ద్రావణంలో చిత్రాన్ని ఉంచితే మూడు వెండి పరమాణువులు దిగిపోయినచోట ఒక బంగారు పరమాణువు వచ్చి కూర్చుంటుంది. ఇటుకరంగు క్రమంగా వంకాయరంగు కలిసిన ముదురు గోధుమకు తిరుగుతుంది. మన కంసాలులు వెండి నగకు బంగారు నీరు పట్టించడం ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. రంగు మార్చే ఈ ప్రక్రియకు టోనింగ్ అని పేరు. ఈనాడు టోనింగ్ అనగానే చల్లని నలుపుకు వెచ్చదనం తేవడమని మనం అనుకుంటాం. కాగితపు చిత్రాలమీద బంగారం చేసిన పని దానికి నేరుగా విరుద్ధం. అతిగా ఉన్న వెచ్చదనాన్ని తగ్గించడానికే అప్పుడు టోనింగ్ అవసరమైంది.

1850లో బ్లాంకార్ ఎవ్రార్ కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని ప్రవేశపెట్టాడు. దాదాపు ఆ శతాబ్దం చివరివరకూ ప్రపంచమంతటా ఆ కాగితానిదే రాజ్యం. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే రాజా దీన్ దయాళ్ ఉన్నారు. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన ఆయన, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. నిజాం కొలువు, వేటలు, మహళ్ళు ఆయన చిత్రాలలోనే మనకు మిగిలాయి. ఆ ప్రతులు చాలావరకు తెల్లసొన కాగితంమీద, ఎండలో ముద్రించి బంగారంతో టోన్ చేసినవి. ఈనాడు వాటిలో కొన్ని తేనెరంగుకు, పసుపుకు తిరిగి కనిపిస్తాయి. వాటిని చూసి నవాబుల కాలపు రంగు అదేనని మురిసిపోతాం. కొత్తగా ఉన్నప్పుడు అవి ఇంతకన్నా ముదురుగా, వంకాయ ఛాయకు దగ్గరగా ఉండేవి. పైన ఉన్న పసుపు మాత్రం కాలం పూసినది.

* * *

ఇక ముదిమి సంగతి. టాల్బట్ 1844 నుంచి 1846 వరకు భాగాలుగా వెలువరించిన 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' పుస్తకంలో అసలైన ఛాయాచిత్రాలనే అతికించారు. ఆ చిత్రాలలో చాలా వెలిసిపోయాయి. ఇది ఆయన ఒక్కడి బాధ కాదు. 1850ల మొదటి సంవత్సరాలనాటికి, తీసిన బొమ్మ నిలుస్తుందా అన్నది ఛాయాచిత్రకారులందరి దిగులు అయింది. అంతకుముందు చిత్రకారుడి పటం తరతరాలు నిలిచేది. ఈ కొత్త విద్య వెలుగునే పట్టి ఇస్తానంటూ వచ్చి, పదేళ్ళయినా తిరగకుండా ముఖాలను పోగొట్టుకుంటే ఇక నమ్మేదెవరు?

లండన్‌లోని ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1855లో ఈ విషయం విచారించడానికి ఒక సంఘాన్ని నియమించింది. విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ దీనికి 50 పౌన్లు విరాళమిచ్చాడు. చరిత్రలో దానికి వెలిసిపోవడాన్ని విచారించిన సంఘంగానే పేరు నిలిచింది. ఆ సంఘం ప్రధానంగా వేలు చూపిన దోషి గంధకం. హైపోలో గంధకం ఉంటుంది. చిత్రాన్ని సరిగా కడగకపోతే కాగితంలో మిగిలిన హైపో నెమ్మదిగా విచ్ఛిన్నమై వెండిని తినడం మొదలుపెడుతుంది. అంతకుమించి, ఆనాటి వారిలో చాలామందికి ఒక అలవాటు ఉండేది. వాడి వాడి పాతబడిన హైపోలో చిత్రాన్ని ముంచితే చక్కని ముదురు రంగు వస్తుందని కనిపెట్టి, పాత హైపోను పడవేయకుండా దాచుకునేవారు. ఆ అందమైన రంగు గంధకం ఇచ్చినదే. తరువాత ఆ బొమ్మను పసుపుపచ్చని నీడగా మార్చినదీ అదే. బొగ్గుపొగ నిండిన నగరపు గాలిలోని గంధకమూ, కాగితానికి పట్టిన తేమా దానికి తోడయ్యాయి. బాగా కడగండి, బంగారంతో టోన్ చేయండి, తేమ తగలనీయకండి అన్నవి ఆ విచారణ నేర్పిన పాఠాలు.

వెండికీ గంధకానికీ ఉన్న ఈ సంబంధం మనకు తెలియనిది కాదు. దేవుడిగదిలో వెండి కుంకుమభరిణె నాలుగు నెలలు తోమకపోతే మొదట పచ్చబడి, తరువాత గోధుమకు తిరిగి, చివరికి నల్లబడుతుంది. గాలిలోని గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడుగా మారడమే అది. పండుగ ముందు మన ఇళ్ళలో విభూది పెట్టి తోమి వదిలించే పదార్థమూ, 1855లో లండన్ పెద్దలను కలవరపెట్టిన పదార్థమూ ఒకటే.

* * *

మూడవది కోరి తెచ్చుకున్న రంగు. పందొమ్మిదవ శతాబ్దం చివరి రెండు దశాబ్దాలలో కాగితం మారింది. తెల్లసొన స్థానంలో జెలటిన్ వచ్చింది. ఎండలో గంటలు కాచుకునే పని పోయి, దీపం వెలుగులో క్షణాలలో ముద్రించి చీకటిగదిలో డెవలపర్‌లో బొమ్మను రప్పించే పద్ధతి వచ్చింది. తరువాతి రోజుల్లో బేకలైట్‌తో ప్రసిద్ధుడైన లియో బేక్‌లండ్ తయారుచేసిన వెలాక్స్ కాగితం ఇటువంటిదే. దాని హక్కులను 1899లో ఈస్ట్‌మన్ కొనుక్కున్నాడు. ఈ కాగితాలతో మేఘం పట్టినా పని ఆగదు. చిన్న నెగటివ్‌నుంచి పెద్ద బొమ్మ తీయవచ్చు. అయితే ఇందులో వెండి పీచులుగా పెరుగుతుంది కనుక బొమ్మ నల్లగా వచ్చింది. అర్ధశతాబ్దంపాటు వెచ్చని గోధుమకు అలవాటుపడిన కళ్ళకు ఆ నలుపు, ముఖ్యంగా మనిషి ముఖంమీద, చలువరాతిలా తోచింది.

దానితో స్టూడియోలవారు తిరిగి గంధకం దగ్గరికే వెళ్ళారు. ఒక పద్ధతిలో హైపోలో పటిక కలిపి, వేడిచేసి, అందులో బొమ్మలను నాననిచ్చేవారు. రెండవది మా పెద్దాయన నాకు స్వయంగా చేసి చూపించినది. నేను ఒక ముద్ర పట్టుకువెళ్ళాను. అది పూర్తిగా ఫిక్స్ అయి, బాగా కడిగి ఉండాలన్నది ఆయన మొదటి షరతు. దీనికి చీకటిగది అక్కరలేదు. పెరట్లో, పగటి వెలుగులో, మూడు పళ్ళేలు పరిచారు. మొదటి పళ్ళెంలో పొటాషియం ఫెర్రిసైనైడు, పొటాషియం బ్రోమైడు కలిపిన పసుపుపచ్చని ద్రావణం. అందులో ముంచగానే నా బొమ్మలోని నలుపు కరిగిపోవడం మొదలైంది. ముందు వెలుగు భాగాలు, తరువాత మధ్యఛాయలు, చివరికి జుట్టు, నీడలు. మిగిలినది ఎండుగడ్డి రంగు గుర్తు మాత్రమే. నాకు గుండె జారింది. ఆయన నవ్వి, "పోలేదు, లోహం లవణమైంది అంతే" అన్నారు.

రెండవ పళ్ళెంలో పసుపు మరక పోయేదాకా నీళ్ళతో కడిగారు. మూడవ పళ్ళెంలో సోడియం సల్ఫైడు. కుళ్ళిన కోడిగుడ్ల వాసన పెరడంతా నిండింది. ఆ వాసన వచ్చే చోట వాడని కాగితంగానీ ఫిల్మ్‌గానీ ఉంచకూడదు, పాడైపోతాయి. ఆ వాయువు మనిషికీ మంచిది కాదు. అందుకే పెరడు. పళ్ళెంలో పెట్టిన కొన్ని క్షణాలకే పోయిన ముఖం తిరిగి వచ్చింది. ఈసారి నల్లగా కాదు, కాఫీ డికాషన్ రంగులో. గంధకం పట్టినప్పుడు బొమ్మ కాస్త తేలిక అవుతుంది కనుక, ముద్రించేటప్పుడే కొంచెం ముదురుగా తీసుకోవాలని ఆయన చెప్పారు. నలుపును సగం కరగనిచ్చి ఆపితే నీడలు నల్లగా, ముఖం వెచ్చగా వస్తుందట. తరువాతి కాలంలో వాసనలేని థయోయూరియా వచ్చింది. అందులో క్షారం పెంచితే ముదురు గోధుమ, తగ్గిస్తే పసుపుకు దగ్గరి రంగు వస్తుంది. ఇలా గోధుమకు తిరిగిన బొమ్మను మళ్ళీ బంగారు ద్రావణంలో పెడితే జేగురురంగు వస్తుంది. ఒకప్పుడు ఎరుపును అణచడానికి వాడిన బంగారమే ఇక్కడ ఎరుపును పుట్టిస్తుంది.

ఈ రంగుకు సెపియా అని పేరు. అది కటిల్ ఫిష్ అనే సముద్రజీవి గ్రీకు పేరు. మన ఆయుర్వేదంలో సముద్రఫేనమనే పేరుతో వాడేది ఈ జీవి ఎముకనే. దాని సిరాతో పూర్వం చిత్రకారులు గోధుమరంగు బొమ్మలు గీసేవారు. చీకటిగది సెపియాలో ఆ సిరా చుక్క కూడా ఉండదు. పేరు మాత్రం మిగిలింది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరచిన సంగతి ఇప్పుడు చెప్పాలి. సెపియా బొమ్మలో ఉన్నది సిల్వర్ సల్ఫైడు. వెలిసిపోయిన పాత బొమ్మలలో విచారణ సంఘం పట్టుకున్నదీ గంధకం చేసిన ఆ పనినే. అయినా సరిగా టోన్ చేసిన సెపియా బొమ్మ, మామూలు నలుపు తెలుపు బొమ్మకన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. ఎలా? కాగితంలో దొంగతనంగా మిగిలిపోయిన గంధకం అసలే సూక్ష్మమైన వెండిని అక్కడింత, ఇక్కడింత కొరుకుతుంది. తేలికైన ఛాయలు మాయమవుతాయి. దట్టమైన వెండినంతటినీ మనమే ఒకేసారి పూర్తిగా సల్ఫైడుగా మార్చి, శుభ్రంగా కడిగివేస్తే, ఇక గాలిలోని గంధకానికి అక్కడ పని ఉండదు. లోహపు వెండిని తినివేసే ఇతర వాయువులకూ అది సులువుగా లొంగదు. శుద్ధి చేయని గంధకం విషం, శుద్ధ గంధకం ఔషధం అని మన వైద్యులు అనేది వేరే సందర్భంలోనే అయినా, నాకు ఆ మాటే గుర్తుకు వచ్చింది.

ఇరవయ్యవ శతాబ్దంలో సెలీనియం టోనర్‌కు మంచి పేరు వచ్చింది. ఆన్సెల్ ఆడమ్స్ తన ముద్రలకు దానినే వాడేవాడు. కొన్ని కాగితాలమీద అది ఎర్రని గోధుమ ఇస్తుంది, కొన్నింటిమీద నలుపును గాఢం చేసి ఊరుకుంటుంది. బొమ్మను కాపాడడంలో దానికి సాటిలేదని చాలాకాలం నమ్మారు. దస్తావేజులను, పత్రికలను భద్రపరచే మైక్రోఫిల్మ్‌లలో 1960ల మొదట్లో ఎర్రని మచ్చలు బయటపడ్డాయి. అటువంటి నష్టానికి విరుగుడు వెతుకుతూ, 1985లో రోచెస్టర్‌లో ఏర్పడిన ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆ దశాబ్దం చివర పరీక్షలు జరిపింది. తేలికైన ఛాయలను సెలీనియం తగినంతగా కాపాడడంలేదని, పాలీసల్ఫైడు ద్రావణం కాపాడుతుందని తేలింది. 1855లో దోషిగా నిలిచిన గంధకానికే మళ్ళీ కాపలా పని దక్కింది.

* * *

నా తప్పు నా ఒక్కడిదే కాదని కూడా తెలిసింది. 1939లో వచ్చిన 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్' చిత్రంలో కాన్సస్ దృశ్యాలను నలుపు తెలుపులో తీసి సెపియా టోన్ చేశారు. డొరతీ తలుపు తీసుకుని ఓజ్ లోకంలోకి అడుగుపెట్టగానే రంగులు విచ్చుకుంటాయి. 1949లో తిరిగి విడుదల చేసినప్పుడు ఆ సెపియాను వదిలివేసి ఉత్త నలుపు తెలుపులో చూపించారు. 50 ఏళ్ళ సందర్భంగా 1989లోగాని ఆ రంగు తిరిగి రాలేదు.

ఇప్పుడు కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే నిన్న తీసిన బొమ్మకు సెపియా రంగు వస్తుంది. పాతకాలపు అనుభూతి అంటారు. మా తాతగారు స్టూడియోకు వెళ్ళిన నాడు ఆయనకు పాతకాలపు అనుభూతి అక్కరలేదు. ఆయన కొత్త పెళ్ళికొడుకు. పక్కన కూర్చున్న మనిషి ముఖం రాతిలా కాక మనిషి ముఖంలా కనబడాలని, ఆ బొమ్మ తన తరువాత కూడా ఉండాలని ఆయన కోరుకుని ఉంటారు. నేను మురికి అనుకుని తుడిచివేసినది ఆ కోరికను.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి బొమ్మలు ఉంటాయి. వాటిని దిద్దబోయేముందు పెద్దాయన నాకు నేర్పిన పరీక్ష చేసి చూడండి. రంగు బొమ్మంతటా సమంగా ఉండి, నీడలు గాఢంగా, ముఖంలోని తేలిక ఛాయలు చెక్కుచెదరక, చుట్టూ ఉన్న అంచు తెల్లగా ఉంటే, అది చాలామటుకు వేసిన రంగు. అంచులనుంచి పసుపు లోపలికి పాకి, తెల్లని బట్టల మడతలు మాయమై, నల్లని భాగాలమీద ఏటవాలు వెలుగులో నీలివెండి మెరుపు కనిపిస్తే అది వెలిసిన రంగు. ఏది అయినా రంగులోనే స్కాన్ చేసి, ఆ ప్రతిని దిద్దకుండా వేరుగా దాచండి. అసలు బొమ్మను తడపకండి, తుడవకండి.

నేను తాతగారి చిత్రాన్ని మళ్ళీ స్కాన్ చేసి, ఉన్న రంగు ఉన్నట్టుగా ముద్రించి అందరికీ పంపాను. వారం తరువాత మా అత్తయ్య ఫోన్ చేసింది.

"అదేమిట్రా, అంత శుభ్రంగా చేసి ఇచ్చినదాన్ని మళ్ళీ పాతగా చేసి పంపావు?"

"పాతగా కాదత్తయ్యా, తాతగారు తీయించుకున్నట్టుగా" అన్నాను.

కాసేపు మాట వినబడలేదు. తరువాత, "సరే, మొదటిది తీసి లోపల పెడతాలే" అంది.